కొమ్మ చివర ఒక పేరు



పఠాను తండ్రి అనగానే మనలో చాలామందికి మొదట గుర్తుకొచ్చేవాడు రవీంద్రనాథ్ ఠాగూర్ రాసిన కాబూలీవాలా. 1892 నాటి కథ. కలకత్తా వీధుల్లో తిరుగుతూ ద్రాక్షా, కిస్మిస్సూ అమ్ముకునే రహమత్, జైలునుంచి విడుదలైన మర్నాడు, తన వదులు చొక్కాలోంచి ఒక మాసిన కాగితం తీస్తాడు. మడతలు జాగ్రత్తగా విప్పి బల్లమీద పరుస్తాడు. దానిమీద ఒక చిన్న అరచేతి ముద్ర. ఎక్కడో కొండల్లో వదిలివచ్చిన కూతురి చేతికి దీపపు మసి పూసి, కాగితానికి అద్దించుకుని, ఏళ్ళ తరబడి గుండెకు ఆనించుకుని తిరిగాడు. ఆ కాగితం దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. ఎన్నిసార్లు చదివినా నాకూ అంతే.

ఈమధ్య ఆ కథ మళ్ళీ చదివినప్పుడు మాత్రం ఒక సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. ఆ కాగితం మీద పేరు లేదు. కథ మొత్తంలో ఆ పాప పేరు ఎక్కడా రాదు. కలకత్తా పిల్లకు మినీ అని పేరుంది. కొండల్లో పిల్లకు చెయ్యి ఒక్కటే ఉంది. చదువురాని మనిషి సంతకానికి బదులు వేసేదాన్ని మనం వేలిముద్ర అంటాం, నిశానీ అంటాం. ఆ పాప తన బతుకంతటికీ పెట్టిన సంతకం ఆ మసిముద్రేనేమో అనిపించింది.

ఇవాళ నేను చెప్పబోయేది ఇంకొక పఠాను తండ్రి సంగతి. ఆయన కథలోనూ ఒక కాగితం ఉంది. పాకిస్తాన్ వాయవ్య కొండల్లో స్వాత్ లోయ, ఆ లోయలో మింగోరా అనే ఊరు. 1997 జూలై 12న ఆ ఊళ్ళో, ఒక అద్దె ఇంట్లో, జియావుద్దీన్ యూసఫ్‌జాయ్ అనే బడిపంతులుకు ఆడపిల్ల పుట్టింది. మనం పఠాన్లనే పష్తూన్ల ఇళ్ళలో మగపిల్లవాడు పుడితే తుపాకులు పేల్చి పండగ చేస్తారు. ఆడపిల్ల పుడితే పలకరించడానికి కూడా పెద్దగా ఎవరూ రారు. వచ్చిన కొద్దిమందిలో ఒకడు జియావుద్దీన్‌కు వరసకు సోదరుడు. కొంత డబ్బు కానుకగా ఇచ్చి, తమ వంశవృక్షం రాసి ఉన్న కాగితం కూడా చూపించాడు. ముత్తాతల తాతల దగ్గర మొదలై కొమ్మలు కొమ్మలుగా దిగివచ్చిన ఆ చెట్టు నిండా మగవాళ్ళ పేర్లే. జియావుద్దీన్ కలం తీసుకున్నారు. తన పేరు దగ్గరనుంచి కిందికి ఒక గీత గీశారు. ఆ గీత చివర ఒక పేరు రాశారు. మలాలా.

మనింట్లో సంగతి కూడా ఒక్కసారి తలుచుకోండి. నేను చూసిన తెలుగు వంశవృక్షాల్లో చాలావాటిలో ఆడపిల్ల పేరు లేదు. ఉన్నా, కొడుకుల పేర్లు గడుల్లో వేసి, కూతుళ్ళ సంగతి పక్కన ఒక్క మాటతో సరిపెట్టారు. కాబట్టి ఆ చెట్టును చూసి పరాయివాళ్ళ ఆచారమని నొసలు చిట్లించే హక్కు మనకు లేదు. ఆ కలం కదలడం ఎంత కష్టమో మనకూ తెలుసు.

మరి ఆ చెయ్యి ఎలా కదిలింది? ఆ ప్రశ్న వెంట వెళ్తే స్వాత్ పక్కనే ఉన్న షాంగ్లా జిల్లాకు చేరతాం. నిటారు కొండలు, కొండవాలున మెట్టు మెట్టుగా చిన్న పొలాలు, మట్టి ఇళ్ళు. అక్కడి బర్కానా అనే పల్లెలో 1969లో పుట్టారు జియావుద్దీన్. తండ్రి రూహుల్ అమీన్ మౌలానా. మసీదులో ఇమాము, బడిలో మతబోధన చేసే ఉపాధ్యాయుడు, చుట్టుపక్కల పేరుమోసిన ఉపన్యాసకుడు. యువకుడిగా ఉన్నప్పుడు చదువుకోసం మన దేశానికి వచ్చి గాంధీని, నెహ్రూను, జిన్నాను, మనం సరిహద్దు గాంధీ అని పిలుచుకునే ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ను చూసి విన్నవాడు. అంతటి పండితుడి ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలుంటే ఒక్కరూ బడి గుమ్మం ఎక్కలేదు.

పొద్దున్నే అన్నదమ్ములకు పాలో మీగడో పెట్టేవారు. అక్కచెల్లెళ్ళకు పాలు పోయని తేనీరు. గుడ్లుంటే మగపిల్లలకు. కోడి కోస్తే మెత్తటి ముక్కలు మగవాళ్ళ పళ్ళెంలోకి, రెక్కలూ మెడా ఆడపిల్లలకు. జబ్బుచేసి డాక్టరు దగ్గరికి వెళ్తే చీటీమీద ఆడమనిషి పేరు రాయడం మర్యాద కాదు. ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకునేవారు. ఇంట్లో పిలుచుకునే పేరు గడప దాటకూడదు. దాటితే మగవాడి పరువు పోయినట్టే. జియావుద్దీన్ ఇవన్నీ చూస్తూ, ఆ మీగడ తింటూనే పెరిగారు. తన పళ్ళెంలో పడిన పెద్ద ముక్క ఎవరి పళ్ళెంలోంచి వచ్చిందో పెద్దయ్యాక గ్రహించి, ఆ మాటను పదిమందిలో పదేపదే చెప్పుకున్నారు. అందుకే ఆయన మాటల్లో పరోపకారం చేసినవాడి గొప్ప కనబడదు. బాకీ తీర్చుకుంటున్నవాడి గొంతు వినబడుతుంది.

ఆ గొంతు గురించి కూడా చెప్పాలి. ఆయనకు చిన్నప్పటినుంచీ నత్తి. మాట నాలుక మీదకు వచ్చి ఆగిపోయేది. తండ్రేమో సభలను ఊగించే వక్త, కోపిష్టి. కొడుకు మాట తడబడితే విసుక్కునేవాడు. పదమూడేళ్ళ వయసులో ఆ కుర్రవాడు వక్తృత్వ పోటీకి పేరిచ్చి వచ్చాడు. ఇంటిల్లిపాదీ ఆశ్చర్యపోయారు. తండ్రే కూర్చుని ఉపన్యాసం రాసిచ్చాడు. పిల్లవాడు కొండదారుల్లో తిరుగుతూ పిట్టలకూ చెట్లకూ ఆ ఉపన్యాసం వినిపించి వల్లెవేశాడు. పోటీనాడు వేదిక ఎక్కి మొదటి ప్రైజు తెచ్చుకున్నాడు. పొంగిపోయిన తండ్రి షాహీన్ అని బిరుదిచ్చాడు. అంటే డేగ. కొన్నాళ్ళు ఆ పేరు పక్కన తగిలించుకున్న పిల్లవాడు, డేగ ఎంత ఎత్తున ఎగిరినా క్రూరమైన పక్షే కదా అనిపించి దాన్ని వదిలేశాడు. వంశనామమైన యూసఫ్‌జాయ్ పెట్టుకున్నాడు.

పేరు అనేది మనిషికి ఇంకొకరు పెట్టేదే కాదు, తాను ఎంచుకునేది కూడా అని ఆ పిల్లవాడు అప్పుడే నేర్చుకున్నాడని నాకనిపిస్తుంది. నోరు పెగలకపోతే మనిషికి ఎంత నరకమో కూడా అతనికి తెలుసు. ఐదుగురు అక్కచెల్లెళ్ళకు నోరుండీ మాట లేకపోవడం అతనికి కనబడటానికి ఈ నత్తే కారణం అయి ఉంటుంది. ఇది నా ఊహ.

ఆయన దారి తిన్నగా సాగిందనుకోకండి. 1979లో సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లోకి వచ్చాయి. సరిహద్దుకు ఇవతల మసీదుల్లో, బడుల్లో పవిత్రయుద్ధం మాటలు మారుమోగాయి. ఒక మతగురువు ప్రభావంలో పడిన కుర్ర జియావుద్దీన్ తాను కూడా వెళ్ళి అమరుడు కావాలని ప్రార్థనలు చేసిన రోజులున్నాయి. దాన్ని ఆయన దాచుకోలేదు. కాబోయే బావమరిది లౌకికవాద భావాలున్నవాడు. అతని మాటలు ఒకవైపు, పాత పాఠం ఒకవైపు లాగుతుంటే మధ్యలో నలిగి, నెమ్మదిగా తన దారి తాను వెతుక్కున్నారు. తండ్రి డాక్టరు కావాలన్నాడు. ఈయన పంతులు కావాలనుకున్నారు. స్వాత్‌లోని జహాన్‌జేబ్ కాలేజీలో చదువుకున్నారు.

1994లో ఒక మిత్రుడితో కలిసి మింగోరాలో బడి పెట్టారు. పదిహేడో శతాబ్దపు పష్తూన్ వీరుడు, కవి ఖుషాల్ ఖాన్ ఖట్టక్ పేరు దానికి పెట్టారు. మొదట చేరినవాళ్ళు ముగ్గురే ముగ్గురు. అప్పులు, అద్దె బాకీలు, ఒకసారి వరదొచ్చి బడంతా బురద. గంట కొట్టడం, గదులు ఊడవడం, పాఠం చెప్పడం అన్నీ ఆయనే. ఆ బడి తరువాత ఆడపిల్లలకు హైస్కూలు దాకా పెరిగింది. 2012 నాటికి వెయ్యిమందికి పైగా పిల్లలు. ఫీజు కట్టలేనివాళ్ళను ఊరికే చేర్చుకునేవారు. చెత్తకుప్పల్లో గుడ్డపీలికలూ డబ్బాలూ ఏరుకునే పిల్లలను తెచ్చి బెంచీమీద కూర్చోబెడితే, డబ్బు కట్టే కొందరు తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించేశారు. అయినా ఆయన మానలేదు.

ఆయన భార్య పేరు తూర్ పెకై. ఆమె పేరు చెప్పకుండా ఈ కథ చెప్పడం అన్యాయం. ఆమె ఆరేళ్ళప్పుడు తండ్రి ప్రోత్సాహంతోనే బడిలో చేరింది. తరగతి గదిలో తానొక్కతే ఆడపిల్ల. తోటి ఆడపిల్లలంతా ఇంటిదగ్గర ఆడుకుంటుంటే తానొక్కతే మగపిల్లల మధ్య కూర్చోవాలి. ఒకరోజు పుస్తకాలు తొమ్మిదణాలకు అమ్మేసి మిఠాయి కొనుక్కు తినేసింది. మళ్ళీ బడికి వెళ్ళలేదు. ఎందుకు మానేశావని ఇంట్లో ఎవరూ అడగలేదట. నాకు ఈ కథ మొత్తంలో గుండెకు బాగా తగిలిన మాట ఇదే. ఆమెను ఎవరూ బడినుంచి లాగలేదు, కొట్టలేదు, తలుపు వేయలేదు. పిల్ల బడి మానేస్తే ఎవరికీ లోటు అనిపించలేదు, అంతే. మన పల్లెల్లో మా అమ్మమ్మల తరంలో ఎంతమంది చదువు ఇలా చప్పుడు లేకుండా ఆగిపోయిందో. పెళ్ళయ్యాక భర్త తనకోసం రాసిన కవితలు చదువుకోలేకపోయినప్పుడు ఆ తొమ్మిదణాల విలువ ఆమెకు తెలిసివచ్చింది.

అలాంటి ఇంట్లో మలాలా పుట్టింది. పుట్టిన పిల్ల కళ్ళలోకి చూసి జియావుద్దీన్ మురిసిపోయారు. మగపిల్లల ఉయ్యాలలో వేసినట్టే ఈ ఉయ్యాలలోనూ ఎండుపళ్ళూ మిఠాయిలూ నాణేలూ వేయమని మిత్రులను అడిగి మరీ వేయించారు. పేరు మైవంద్ వీరవనిత మలాలై పేరు. 1880లో బ్రిటిష్ సేనతో మైవంద్ దగ్గర జరిగిన యుద్ధంలో, వెనుదిరుగుతున్న మగవాళ్ళను మేలిముసుగు జెండాగా ఎత్తి ముందుకు నడిపించి, అక్కడే నేలకొరిగిందని పష్తూన్లు చెప్పుకునే పల్లెపిల్ల ఆమె. తండ్రి పేరుతోనో మగడి పేరుతోనో కాక తన పేరుతోనే తలచుకునే స్త్రీ. తాతగారికి ఆ పేరు నచ్చలేదు. దుఃఖంలో మునిగినది అనే అర్థం వస్తుంది, ఆ పేరు వద్దన్నాడు. కొడుకు వినలేదు. తరువాత ఆ తాతే మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ పేరుమీదే పాట కట్టి పాడేవాడు.

ఇంకొక చిన్న సంగతి. బిడ్డ పుట్టిన ఏడోనాడు మేకను కోసి, అన్నం వండి వేడుక చేయడం అక్కడి ఆనవాయితీ. మలాలాకు ఆ వేడుక జరగలేదు. డబ్బులు లేవు, ఆడపిల్ల కాబట్టి తాత సాయం చేయలేదు. తరువాత మగపిల్లలు పుట్టినప్పుడు తాత డబ్బు ఇస్తానంటే జియావుద్దీన్ తీసుకోలేదు. కూతురికి జరగనిది కొడుకులకు అక్కర్లేదన్నారు. పెద్ద పెద్ద సభల్లో చేసిన ఉపన్యాసాలకంటే ఈ కాదనడమే గొప్పదని నా అభిప్రాయం. తండ్రిమాట జవదాటడం పష్తూన్ల ఇంట్లో చిన్న విషయం కాదు.

పిల్ల పెరుగుతోంది. మగవాళ్ళు కూర్చుని రాజకీయాలు మాట్లాడుకునేచోట తండ్రి పక్కనే కూర్చునేది. రాత్రిపూట తమ్ముళ్ళు పడుకున్నాక కూడా ఆమె ఆ మాటలు వింటూ ఉండేది. లోపలికి పో అని ఎవరూ అనలేదు. ఒకసారి ఇరుగుపొరుగున ఉండే ఒక మతపెద్ద కొందరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. ఆడపిల్లలు పెద్ద గేటులోంచి, మగవాళ్ళ కళ్ళెదుట బడిలోకి వెళ్ళడం తప్పు, బడి మూసేయాలన్నాడు. చివరికి రాజీ కుదిరింది. పెద్ద ఆడపిల్లలు ఇంకొక వాకిలి గుండా రావాలి. జియావుద్దీన్ ఒప్పుకున్నారు. పట్టుదల ఉన్నవాడు అలా ఒప్పుకోవచ్చా అని ఎవరైనా అడగవచ్చు. ఏ వాకిలి గుండా వస్తేనేం, పిల్ల బల్ల ముందు కూర్చుంటే చాలునని ఆయన లెక్క. సంప్రదాయం గట్టిగా ఉన్నచోట పని చేసేవాడికి ఎక్కడ వంగాలో, ఎక్కడ నిలబడాలో తెలియాలి. ఆయనకు తెలుసు.

ఇక రేడియో సంగతి. మైకు ముందు కూర్చుని ఈ భాగం చెప్పడం నాకు కొంచెం కష్టంగానే ఉంది.

స్వాత్‌లో మౌలానా ఫజ్లుల్లా అనే తాలిబాన్ నాయకుడు దొంగచాటు ఎఫ్ఎం రేడియో నడిపాడు. జనం అతన్ని రేడియో ముల్లా అనేవారు. మొదట్లో మంచిమాటలే చెప్పాడు. నమాజు చేయండి, సిగరెట్లు మానండి. ఇళ్ళలో రోజంతా పనిచేసుకునే స్త్రీలు శ్రద్ధగా విన్నారు. నగలు తీసి విరాళంగా ఇచ్చారు. తరువాత టీవీలు తగలబెట్టమన్నాడు. పోలియో చుక్కలు వద్దన్నాడు. ఆ తరువాత ఆడపిల్లల చదువు మీద పడ్డాడు. ఫలానా ఊళ్ళో ఫలానా అమ్మాయి బడి మానేసింది, ఆమెకు అభినందనలు, ఆమె స్వర్గానికి వెళ్తుంది అని రోజూ పేర్లు చదివాడు.

ఆలోచించండి. డాక్టరు చీటీమీద కూడా ఆడమనిషి పేరు రాయని సమాజం. పేరు గడప దాటితే పరువు పోయిందనే సమాజం. అక్కడ ఆడపిల్ల పేరు మొట్టమొదటిసారి లోయంతా వినబడేలా పలికింది రేడియో. ఎప్పుడు? ఆ పిల్ల చదువు మానేసిన రోజున. ఆ పేరు విని సిగ్గుతోనో గర్వంతోనో తల ఆడించిన తండ్రులు వందలమంది ఉండి ఉంటారు. తన బడిలో హాజరుపట్టీ పిలిచేటప్పుడు ఒక్కొక్క పేరూ తగ్గిపోతుంటే ఆ పంతులుకు ఎలా ఉండి ఉంటుంది?

ఒకనాడు బడి గేటుకు చీటీ అంటించి ఉంది. నీ బడి అవిశ్వాసుల బడి, ఆడపిల్లలకు చదువు చెబుతున్నావు, మానకపోతే జరిగేది చూస్తావు అని దాని సారాంశం. జియావుద్దీన్ మగపిల్లల దుస్తులు మార్చారు, చొక్కా ప్యాంటు బదులు సల్వార్ కమీజు. మళ్ళీ అదే లెక్క, వంగగలిగినచోట వంగారు. కానీ ఆ చీటీకి జవాబు మాత్రం స్వాత్‌లో వెలువడే ఆజాదీ పత్రికలో అచ్చువేయించారు, తన పేరుతో. మీరు నమ్మే దేవుణ్ణే నా పిల్లలూ ప్రార్థిస్తారు, కావాలంటే నా ప్రాణం తీసుకోండి, పిల్లల జోలికి రావద్దు అని వేడుకున్నారు.

2008 చివరికల్లా ఆజ్ఞ వచ్చింది. 2009 జనవరి 15 తరువాత లోయలో ఏ ఆడపిల్లా బడికి వెళ్ళకూడదు. ఆ రోజుల్లోనే బీబీసీ ఉర్దూ వెబ్‌సైటులో ఒక బాలిక డైరీ రావడం మొదలైంది. రాసినది పదకొండేళ్ళ మలాలా. ప్రాణభయంతో ఆమెకు మారుపేరు పెట్టారు, గుల్ మకై. జానపద కథానాయిక పేరది. తాను పట్టుబట్టి వంశవృక్షంలో రాసిన పేరును ఆ తండ్రి ఇప్పుడు తానే దాచవలసివచ్చింది. ఎవరో ఆ డైరీ అచ్చు తీసి తెచ్చి, చూడండి ఈ పిల్ల ఎంత బాగా రాసిందో అని ఆయనకే చూపించారు. ఆ పిల్ల నా కూతురే అనలేక, చాలా బాగుందని నవ్వి ఊరుకున్నారు.

గడువు దాటాక కొన్నాళ్ళకు నాలుగో తరగతి దాకా చిన్నపిల్లలకు అనుమతి వచ్చింది. అయిదు చదివే పిల్లలు నాలుగు అని చెప్పి, మామూలు బట్టలు వేసుకుని, శాలువాల కింద పుస్తకాలు దాచుకుని బడికి వచ్చారు. ఆ కాలంలో లోయలో పేల్చేసిన, తగలబెట్టిన బడులు దాదాపు 400. మే నెలలో సైన్యం దిగింది. లక్షలమంది ఇళ్ళు వదిలి కట్టుబట్టలతో వెళ్ళిపోయారు. ఈ కుటుంబం కూడా వెళ్ళి, మూడు నెలలకు తిరిగివచ్చింది. బడి మళ్ళీ తెరిచారు. మారుపేరు అక్కర్లేకుండా మలాలా తన పేరుతోనే మాట్లాడటం మొదలుపెట్టింది. 2011 డిసెంబరులో పాకిస్తాన్ ప్రభుత్వం ఆమెకు జాతీయ యువ శాంతి బహుమతి ఇచ్చింది.

2012 అక్టోబరు 9. పరీక్ష రాసి పిల్లలు బడి బండిలో ఇంటికి వస్తున్నారు. దారిలో ఇద్దరు ఆపారు. ఒకడు వెనకనుంచి లోపలికి తొంగిచూసి అడిగాడు: మలాలా ఎవరు? తుపాకీ పేల్చేముందు పేరు అడిగాడు. మలాలాతోపాటు ఇంకో ఇద్దరు అమ్మాయిలకు తూటాలు తగిలాయి. సరిగ్గా ఆ రోజునే తూర్ పెకై, ఎన్నో ఏళ్ళ తరువాత, అక్షరాలు దిద్దుకోవడానికి తన మొదటి పాఠానికి బయలుదేరబోతోంది.

పిల్లను ఆ తండ్రే ప్రమాదంలోకి నెట్టాడని తప్పుపట్టినవాళ్ళు ఉన్నారు, పాకిస్తాన్‌లో మరీ ఎక్కువ. ఆ ప్రశ్నను తోసిపుచ్చడం నాకు ఇష్టం లేదు. పదకొండేళ్ళ పిల్లను హంతకుల కంటపడేలా నిలబెట్టవచ్చా? చంపితే తనను చంపుతారనుకున్నారు ఆయన. పిల్లల జోలికి రారని నమ్మారు. ఆ నమ్మకం తప్పయింది. ఆయన ఆస్పత్రిలో భార్యను అదే అడిగారు: నిజం చెప్పు, తప్పు నాదేనా? కాదు అంది ఆమె. నువ్వు పిల్లను దొంగతనానికి పంపలేదు, చెడ్డపనికి పంపలేదు, మంచిపనికి పంపావు అంది. చదువుకోని తల్లి చెప్పిన తీర్పు అది. నేనూ ఆ తీర్పు పక్షమే. తూటా పేల్చినవాణ్ణి వదిలేసి, బడికి పంపినవాణ్ణి బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

తరువాతి కథ మీకు తెలిసినదే. బర్మింగ్‌హామ్ ఆస్పత్రి, కోలుకోవడం, 2014లో మన కైలాస్ సత్యార్థితో కలిసి నోబెల్ శాంతి బహుమతి, ఆక్స్‌ఫర్డ్ చదువు. తండ్రుల్ని కొడుకుల పేర్లతో గుర్తుపట్టే సమాజంలో పుట్టి, కూతురి పేరుతో ప్రపంచానికి తెలిసిన తండ్రిని నేను అని జియావుద్దీన్ చెప్పుకుంటారు. ఏం చేసి ఇంత పిల్లను పెంచారు అంటే, ఏం చేయలేదో అడగండి, నేను ఆమె రెక్కలు కత్తిరించలేదు, అంతే అంటారు. ఫెమినిజం అనే మాట ఇంగ్లండు వచ్చాకే విన్నానని, అంతకుముందు ఆ మాట తెలియకుండానే అలా బతికానని కూడా అంటారు. తూర్ పెకై బర్మింగ్‌హామ్‌లో ఇంగ్లీషు నేర్చుకుంది. ఐదుగురు అక్కచెల్లెళ్ళు బడి ముఖం చూడని ఆ బర్కానాలో, నోబెల్ బహుమతి డబ్బుతో 2018లో ఆడపిల్లల బడి వెలిసింది.

ఆయన ఒక్కడే పుట్టుకొచ్చిన అద్భుతం అనుకుంటే ఆ జాతికి అన్యాయం చేసినవాళ్ళమవుతాం. గఫార్ ఖాన్ 1910లోనే ఉత్మాన్‌జాయ్‌లో తన జాతి పిల్లలకోసం బడి పెట్టాడు. మన వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి తెరిచింది 1874లో. ఇక్కడా అక్కడా మొదటి రాయి ఎవరో ఒకరు వేశారు, రాళ్ళ దెబ్బలూ తిన్నారు. అఫ్గానిస్తాన్‌లో కాందహార్ పష్తూన్ యువకుడు మతీవుల్లా వెసా, పెన్ పాత్ అనే సంస్థ పెట్టి, మోటార్‌సైకిలు మీద పుస్తకాలు వేసుకుని ఊరూరా తిరిగాడు. 2023 మార్చిలో తాలిబాన్ ప్రభుత్వం పట్టుకుపోయి ఏడు నెలలు నిర్బంధించింది. పక్తికా ప్రాంతంలో అక్షరం ముక్క రాని ఒక కూలీ తండ్రి, తన ముగ్గురు కూతుళ్ళను బండి మీద 12 కిలోమీటర్లు తీసుకెళ్ళి, బడి విడిచేదాకా బయటే కూర్చునేవాడు. 2019లో పత్రికలు ఆ కథ రాశాయి.

పేరు కోసం పోరాటం కూడా అక్కడ జరిగింది. నా పేరు ఎక్కడ అని అఫ్గాన్ యువతులు 2017లో ఉద్యమం మొదలుపెట్టారు. సమాధిరాయి మీద, పెళ్ళిపత్రిక మీద స్త్రీ పేరు ఉండని దేశంలో, పిల్లల గుర్తింపు కార్డు మీద తల్లి పేరు కూడా రాయాలని 2020లో చట్టం తెచ్చుకున్నారు. ఏడాది తిరక్కుండా తాలిబాన్లు కాబూల్ చేరారు. 2022 మార్చి 23న హైస్కూళ్ళు తెరుస్తామంటే ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని వచ్చారు. కొద్దిగంటల్లోనే వెనక్కి పంపేశారు. ఆ డిసెంబరులో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాలూ మూశారు. ఇలా చదువు ఆగిన ఆడపిల్లలు 14 లక్షలకు తక్కువ కాదని 2024లో యునెస్కో లెక్కకట్టింది. ఒక్కొక్కరికీ ఒక పేరుంది.

శ్రోతలారా, మీ ఇంట్లో వంశవృక్షం రాసిన కాగితం ఎక్కడో ఉంటుంది. బీరువాలో పాత దస్తావేజుల మధ్యో, తాతగారి డైరీలోనో. ఈ ఆదివారం దాన్ని తీసి చూడండి. మీ అమ్మాయి పేరు, మేనత్తల పేర్లు, అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు లేకపోతే, కలం తీసుకుని రాయండి. పేరు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి తెలుసుకుని రాయండి.